టెన్షన్ రాగానే మందు గుర్తొస్తోందా? తాగుడునూ దాని కిందున్న పాత గాయాన్నీ కలిపి చూసుకోవడం ఎలా

దావత్‌లోనో దోస్తు పెళ్లిలోనో రెండు పెగ్గులు వేసుకుని, మళ్లీ నెల దాకా ఆ ఊసెత్తని వాళ్ల కోసం రాసింది కాదిది. మేనేజర్ గొంతు పెంచితే, ఇంటి నుంచి ఫోన్ వస్తే, రాసిన పరీక్ష రిజల్ట్ మళ్లీ వాయిదా పడితే, ఆ సాయంత్రం కాళ్లు తమంతట తామే వైన్స్ వైపు తిరిగే వాళ్ల కోసం రాస్తున్నాను. అందులోనూ, చిన్నప్పుడో కొన్నేళ్ల కిందటో జరిగినదేదో ఇంకా లోపల కదులుతూనే ఉన్నవాళ్ల కోసం. నాన్న తాగొచ్చి అమ్మను కొట్టిన రాత్రులు కావచ్చు. ఇంటర్ హాస్టల్లో తిన్న దెబ్బలు, పడిన అవమానాలు కావచ్చు. దగ్గరి చుట్టమే చేసిన, ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేని పాడుపని కావచ్చు. బైకు యాక్సిడెంట్‌లో వెనక కూర్చున్న స్నేహితుడు పోవడం కావచ్చు. 2021 సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ బెడ్ కోసం సిటీ అంతా తిరిగి, చివరికి అమ్మనో నాన్ననో పోగొట్టుకోవడం కావచ్చు.

ఇలాంటి వాళ్లకు చుట్టుపక్కల వాళ్లు చెప్పేది ఒకటే: "ముందు తాగుడు మానెయ్, అన్నీ అవే సర్దుకుంటయ్." ఆ మాటలో సగమే నిజం. మందు తీసేస్తే అది కప్పి ఉంచిన గాయం బయటపడుతుంది. దాన్ని తట్టుకునే ఏర్పాటు లేకపోతే కొద్ది రోజులకే గ్లాసు మళ్లీ చేతిలోకి వస్తుంది. పోనీ గాయం సంగతి ముందు చూసి తాగుడు తర్వాత చూద్దామా అంటే, రోజూ తాగుతుంటే గాయానికి చేసే వైద్యం సరిగ్గా ఒంటబట్టదు. రెండూ కలిపే చూసుకోవాలి. ఎలాగో వరుసగా చెబుతాను.

ఉన్నపళంగా ఆపొచ్చా? ముందు అది తేల్చుకోండి

మిగతాదంతా తర్వాత. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఒక పూట మందు పడకపోతే చెమటలు, గుండె దడ, వాంతి వచ్చేలా ఉండటం, చిరాకు ఉన్నాయా? ఒక పెగ్గు పడగానే అవన్నీ తగ్గిపోతున్నాయా? గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనపడటం, వినపడటం జరిగిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మీ ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందని అర్థం. అప్పుడు మొండిగా ఒక్కరోజులో ఆపేయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మనిషి మతి తప్పి మాట్లాడే స్థితి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని రోజులు మందులు వాడి, థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తే ఇది సురక్షితంగా గడిచిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో షాపులు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం బారులు తీరింది ఇందుకే.

కల్లు తాగేవాళ్లకు ఇంకో హెచ్చరిక. సిటీలో, చుట్టుపక్కల కొన్ని చోట్ల అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. మీరు కల్లే తాగుతున్నామనుకుంటారు, ఒళ్లు మాత్రం ఆ మందులకూ అలవాటు పడుతుంది. అది ఆపేటప్పుడు డాక్టరుకు "కల్లు తాగుతాను" అని స్పష్టంగా చెప్పండి. చికిత్స దాన్ని బట్టి మారుతుంది.

పైవేవీ లేకపోతే, అంటే టెన్షన్ ఉన్న రోజుల్లోనే తాగి, తాగని రోజుల్లో ఒళ్లు మామూలుగా ఉంటే, కింద చెప్పేవన్నీ ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు.

చిన్న మాటకు అంత పెద్ద దడ ఎందుకు

ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం గంట కొడుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ప్రమాదం పోగానే అన్నీ మామూలవుతాయి. ఇంట్లోనే ప్రమాదం ఉన్న పిల్లలకు ఆ గంట రోజూ మోగుతుంది. అలా పెరిగిన వాళ్లకు పెద్దయ్యాక కూడా చిన్న ఒత్తిడికే ఒళ్లు పూర్తి యుద్ధానికి సిద్ధమైపోతుంది. కాలిన చేతి మీద గోరువెచ్చటి నీళ్లు పడ్డా చురుక్కుమన్నట్టు. దాన్ని అదుపు చేయాల్సిన మెదడు ముందు భాగం సుమారు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, మొదటి పీజీ రూమ్, మొదటి ఈఎంఐ, మొదటి బ్రేకప్ అన్నీ వచ్చి పడేది కూడా ఆ వయసులోనే.

అక్కడికి ఆల్కహాల్ వస్తుంది. అది మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచి, ఉత్తేజపరిచే గ్లుటమేట్ పనిని తగ్గిస్తుంది. అందుకే మొదటి పెగ్గుకే భుజాలు దిగుతాయి. మీకు దొరికే ఆ ఉపశమనం నిజమైనదే, నేను కాదనను. సమస్య ఆ తర్వాత. మత్తు దిగుతున్నప్పుడు మెదడు ఎదురు తిరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఉలిక్కిపడి లేవడం, కారణం లేని భయం, మర్నాడంతా చిటపటలాడటం అక్కడి నుంచే వస్తాయి. నిన్న టెన్షన్ తగ్గించిన మందే ఇవాళ టెన్షన్ పెంచుతుంది, సాయంత్రానికి మళ్లీ తాగాలనిపిస్తుంది.

1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం బాల్యపు చేదు అనుభవాల మీద పెద్ద అధ్యయనం ప్రచురించింది. కొట్టడం, లైంగిక వేధింపు, ఇంట్లో తల్లిని హింసించడం, ఇంట్లో ఎవరో తాగుబోతు కావడం లాంటి రకాల్లో నాలుగు లేదా అంతకు మించి ఎదుర్కొన్న వాళ్లకు, ఒక్కటీ లేని వాళ్లతో పోలిస్తే తాగుడు వ్యసనం, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని అందులో తేలింది. దీన్ని తలరాతగా చదవకండి. ముప్పు ఎక్కువ అన్నంత మాత్రాన అందరికీ వస్తుందని కాదు, గాయాలున్నా వ్యసనం దాకా వెళ్లని వాళ్లు చాలామంది ఉన్నారు. నేనిది చెప్పేది ఒక్కందుకే: మీరు టెన్షన్‌కి తాగుతున్నారంటే మీకు బుద్ధి లేకనో పెంపకం బాగోకనో కాదు. చిన్నప్పుడు మిమ్మల్ని కాపాడిన అప్రమత్తతే ఇప్పుడు మిమ్మల్ని అలసటకు గురిచేస్తోంది.

ఎంత తాగుతున్నారో గ్రాముల్లో లెక్కేయండి

"ఎక్కువేం లేదన్నా, ఒక బీరు" అంటారు. ఆ ఒక్క బీరును లెక్కేద్దాం. మన దగ్గర విస్కీ, బ్రాందీ 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే ఆరు పెగ్గులు, 60 గ్రాములు. ఒక సిట్టింగ్‌లో 60 గ్రాములు లేదా అంతకు మించి తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని భారీ తాగుడుగా లెక్కేస్తుంది. సిట్టింగ్‌లో మామూలుగా అయిపోయే ఒక్క క్వార్టర్ ఆ గీత దగ్గరికి చేరుస్తుంది.

చుట్టూ అందరూ ఇంతే తాగుతున్నారు కదా అనిపించడం సహజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారు, దేశంలోనే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. ఇలాంటి చోట పక్కవాడితో పోల్చుకుంటే మీ పరిస్థితి మీకు అర్థం కాదు. దానికి బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష వెతికి మీ అంతట మీరు పూర్తి చేయండి. మొత్తం 40 మార్కులకు 8 చేరితే జాగ్రత్తపడాలి, 20 చేరితే డాక్టర్ని కలవాలి.

రెండు అంకెల డైరీ

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పని ఇది. రెండు మూడు వారాలు చేయండి. తాగడం ఆపాల్సిన పని కూడా లేదు, గమనిస్తే చాలు. తాగాలనిపించిన ప్రతిసారీ, తాగినా తాగకపోయినా, ఫోన్లో నాలుగు ముక్కలు రాయండి.

ఏం జరిగింది, ఎన్ని గంటలకు. ఆ సంఘటన బయటివాళ్లు చూస్తే పదిలో ఎంత పెద్దది. మీ ఒంట్లో కలిగిన అలజడి పదిలో ఎంత. ఆ తర్వాత ఏం చేశారు.

ఉదాహరణకు ఇలా ఉంటుంది: "మంగళవారం రాత్రి 8:40. కాల్‌లో అందరి ముందూ లీడ్ గట్టిగా మాట్లాడాడు. సంఘటన 3. ఒంట్లో 9, చేతులు చల్లబడ్డాయి, మాట రాలేదు. 9:15కి వైన్స్, క్వార్టర్." ఇంకో రోజు: "శనివారం. బిల్డింగ్‌లో పై ఫ్లోర్‌లో ఎవరో తలుపు ధడాలున వేశారు. సంఘటన 1. ఒంట్లో 7. రెండు బీర్లు." మరోటి: "గురువారం. రిలీజ్ పని, పది గంటలు కూర్చున్నాం. సంఘటన 7. ఒంట్లో 6. తాగాలనిపించలేదు, తినేసి పడుకున్నా."

మూడోది చూడండి. నిజంగా భారీ పని ఉన్న రోజు మందు గుర్తు రాలేదు. గొంతు పెంచిన రోజు, తలుపు ధడాలుమన్న రోజు గుర్తొచ్చింది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉన్న చోటల్లా ఇవాళ్టి ఒత్తిడితో పాటు పాతదేదో కూడా కలిసి ఉంటుంది. పెద్ద గొంతు, తలుపు చప్పుడు, ఒకరకం వాసన, ఒక చుట్టం పేరు, పండక్కి ఊరెళ్లాల్సి రావడం, లైట్లు ఆర్పిన గది. తేడా పెద్దగా ఉన్నవన్నీ ఒక చోట రాసుకుంటే మీ తాగుడు దేని మీద నడుస్తోందో మీకే కనపడుతుంది. టెన్షన్ వల్ల తాగుతున్నాను అనుకున్న మనిషికి, అన్ని టెన్షన్లూ కావు, ఈ రెండు మూడు రకాలే అని తెలియడం చాలా పెద్ద విషయం. వాటికి ముందే సిద్ధపడొచ్చు.

ఒక జాగ్రత్త. డైరీలో పాత సంఘటనకు ఒక ముక్క పేరు మాత్రమే పెట్టండి: "నాన్న", "హాస్టల్", "ఆ వేసవి". వివరాలు రాయకండి. ఒంటరిగా, రాత్రిపూట, ముఖ్యంగా తాగి ఉన్నప్పుడు ఆ జ్ఞాపకాలను తవ్వుకుంటే గాయం తగ్గకపోగా రేగుతుంది. తవ్వే పనికి తోడు కావాలి, ఆ తోడు గురించి కింద చెబుతాను.

కోరిక లేచిన ఆ అరగంట ఎలా గడపాలి

తాగాలన్న కోరిక పెరుగుతూ పోతుందనిపిస్తుంది కానీ, సాధారణంగా అది ఇరవై ముప్పై నిమిషాల్లో పతాక స్థాయికి చేరి దానంతట అదే దిగుతుంది. మీరు గెలవాల్సింది ఆ అరగంటనే.

ముందు ఒంటిని దించండి, ఆలోచనలతో వాదన పెట్టుకోకండి. దడ ఎక్కువగా ఉన్నప్పుడు మంచి మాటలు మనసుకు ఎక్కవు. చల్లటి నీళ్లు ముఖం మీద గట్టిగా చల్లుకోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లేదా ఎనిమిది లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. పాత జ్ఞాపకం కళ్ల ముందు ఆడుతుంటే కళ్లు మూసుకోకండి, తెరిచే ఉంచండి. గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, వినపడే మూడు చప్పుళ్లు గుర్తించండి, పాదాలను నేలకు అదిమి ఆనించండి. "ఇది ఫలానా సంవత్సరం, నేను కొండాపూర్‌లో నా రూమ్‌లో ఉన్నాను, నాకు ఇరవై ఆరేళ్లు" అని మీ వివరాలతో గట్టిగా అనండి. విన్నప్పుడు చిన్నపిల్లల ఆటలా అనిపించొచ్చు. అమిగ్డాలాకు తేదీలు తెలియవు, దానికి ఇలాగే చెప్పాలి.

తర్వాత కడుపు చూసుకోండి. లంచ్ మానేసి, చాయ్‌ల మీద గడిపి, రాత్రి తొమ్మిదింటికి ఖాళీ కడుపుతో మెట్రో దిగిన మనిషికి ఆకలీ కోరికా ఒకేలా ఉంటాయి. దారిలో ఇడ్లీయో ఎగ్ పఫ్ఫో ఏదో ఒకటి తినేశాక చాలామందికి కోరిక సగమవుతుంది.

దారి కూడా మార్చండి. స్టేషన్ నుంచి రూమ్‌కి వెళ్లే సందులో వైన్స్ ఉంటే ఆ సందు వదిలేయండి. రూమ్‌లో సీసా ఉంచకండి. యూపీఐ చేతిలోనే ఉంటుంది కాబట్టి డబ్బు ఆపడం కష్టం. దూరం పెంచడం తేలిక. కోరిక లేచిన పావుగంటలో ఫోన్ చేయడానికి ఒక మనిషిని ముందే అడిగి పెట్టుకోండి. "అన్నా, మనసు బాగలేనప్పుడు ఫోన్ చేస్త. సలహా ఏం చెప్పకు, పది నిమిషాలు ముచ్చట పెట్టు చాలు" అని మామూలు రోజున చెప్పి ఉంచండి. టెన్షన్ మీద ఉన్నప్పుడు అడగడానికి నోరు రాదు.

నిద్ర కోసం తాగేవాళ్లు చాలామంది. మందు త్వరగా నిద్రపట్టిస్తుంది, నిజమే. కానీ రాత్రి మొదటి సగంలో కలల నిద్రను అణిచి, రెండో సగంలో దాన్ని ఎగదోస్తుంది. పీడకలలు ఉన్నవాళ్లకు అందుకే తెల్లవారుజామున అవి ఇంకా భయంకరంగా వస్తాయి. మానిన మొదటి ఒకటి రెండు వారాలు నిద్ర పాడవుతుందని ముందే తెలుసుకుని ఉండండి. పనికొచ్చేవి రెండు: రోజూ ఒకే వేళకు లేవడం, మధ్యాహ్నం తర్వాత చాయ్ కాఫీలు ఆపడం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం వద్దు. ఆల్ప్రాజోలం లాంటివి ఆల్కహాల్‌తో కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

సిట్టింగ్‌కి పిలిస్తే

దోస్తులను వదులుకోమని నేను చెప్పను. గాయపడిన మనిషికి ఒంటరితనం మందు కన్నా చెడ్డది. మొదటి నెల మాత్రం సిట్టింగ్‌కి బదులు అదే మనుషులను వేరే చోట కలవండి. ఇరానీ హోటల్లో చాయ్, పొద్దున కేబీఆర్ పార్కులో నడక, ఆదివారం క్రికెట్. తప్పక వెళ్లాల్సి వస్తే కారణం చిన్నదిగా చెప్పండి. "మామా, టాబ్లెట్స్ నడుస్తున్నయ్, ఇయ్యాల వద్దు." "బండి నేనే నడపాలె." అంతే. మీ బాల్యం మొత్తం అక్కడ విప్పి చెప్పాల్సిన అవసరం లేదు. రెండుసార్లు వద్దన్నాక కూడా గ్లాసులో పోసేవాడుంటే, వాడు ఉన్న చోటికి కొన్నాళ్లు వెళ్లకండి.

అమ్మాయిలకు ఇక్కడ ఇంకో బరువు ఉంటుంది. తాగుతున్నట్టు తెలిస్తే పీజీలో, ఇంట్లో వచ్చే మాటలకు భయపడి గదిలో తలుపేసుకుని ఒంటరిగా తాగుతారు, సాయం అడగడం కూడా ఆలస్యం చేస్తారు. అంతే మందు ఆడవాళ్ల రక్తంలో ఎక్కువ మోతాదుకు చేరుతుంది, కాలేయానికి దెబ్బ తక్కువ కాలంలోనే తగులుతుంది. మీరు ఆ స్థితిలో ఉంటే ఇంట్లో చెప్పక ముందే ఫోన్‌లో ఒక కౌన్సెలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టండి. హింస ఇంకా జరుగుతూనే ఉంటే, భర్త వల్లనో ఇంట్లో మనిషి వల్లనో, ముందు అక్కడి నుంచి బయటపడటం చూడాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, హైదరాబాద్‌లో పోలీసుల భరోసా సెంటర్ అందుకే ఉన్నాయి. దెబ్బలు పడుతున్న ఇంట్లో ఉంటూ తాగుడు మానాలని ఎవరూ మిమ్మల్ని అడగకూడదు.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి, ఏం అడగాలి

ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. మత్తు పదార్థాలకే ప్రత్యేకంగా 14446 ఉంది. నేరుగా వెళ్లాలంటే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వే అలవాటు మన ఊళ్లో పాతది. ఆ నవ్వుకు భయపడి ఎంతమంది ఇంట్లోనే ఫిట్స్ తెచ్చుకున్నారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఐటీ కంపెనీలు చాలా వాటిలో ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది, హెచ్‌ఆర్ పోర్టల్‌లో వెతకండి. మీ వివరాలు గోప్యంగా ఉంచడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మీకిచ్చిన హక్కు.

లోపలికి వెళ్లాక మాట పెగలదు. అందుకని ఇలా రాసుకుని వెళ్లి చదివేయండి: "డాక్టర్ గారూ, టెన్షన్ వచ్చినప్పుడు తాగుతాను. వారంలో నాలుగు రోజులు, రోజుకు క్వార్టర్ దాకా. చిన్నప్పుడు జరిగినవి కొన్ని ఉన్నాయి, ఇప్పుడే వివరంగా చెప్పలేను. పీడకలలు వస్తాయి. రెండూ కలిపి చూస్తారా?" డైరీ కూడా చూపించండి. మొదటి రోజే కథంతా చెప్పాలన్న నియమం లేదు, మంచి డాక్టర్ అడగరు కూడా.

"ముందు పూర్తిగా మానెయ్, ట్రామా (మనసుకు తగిలిన పాత గాయం) సంగతి ఆరు నెలల తర్వాత చూద్దాం" అంటే గట్టిగా అడగండి. తాగుడు ఉందన్న ఒక్క కారణంతో ట్రామా చికిత్సను నిరాకరించవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ 2018లోనే రాసింది. ట్రామాకు బాగా పరీక్షకు నిలిచినవి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స), ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టే జ్ఞాపకాన్ని థెరపిస్ట్ తోడుతో కొద్దికొద్దిగా ఎదుర్కోవడం), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలుచుకునే చికిత్స). వీటిలో శిక్షణ ఉందా అని అడగడం తప్పేమీ కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. కోరిక తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు ఉన్నాయి, మీకు సరిపడేది సైకియాట్రిస్ట్ చెబుతారు. ఒకరితో కుదరకపోతే ఇంకొకరిని చూడండి. మనసు విప్పడానికి నమ్మకం కావాలి, అది మొదటి మనిషి దగ్గరే దొరకాలని లేదు. జంట నగరాల్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం) మీటింగులు కూడా జరుగుతాయి, అక్కడ ఫీజు లేదు, పేరు చెప్పక్కర్లేదు.

రెండిటికి మాత్రం దూరంగా ఉండండి. గోడల మీద, ఆటోల వెనక "తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం" అని రాసి ఉంటుంది. తాగేవాళ్లకు చెప్పకుండా అన్నంలో ఏదైనా కలపడం చాలా ప్రమాదం. డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి గుండె ఆగిపోవడం జరగొచ్చు. డాక్టర్ రాసిచ్చి, వాడే మనిషికి అన్నీ తెలిసి, ఒప్పుకుంటేనే అది మందు. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆ పని చేయకండి. రెండోది, మనిషిని ఎత్తుకెళ్లి గదిలో వేసి తాళం పెట్టే సెంటర్లు. కొట్టడం, కట్టేయడం చికిత్స కాదు, 2017 చట్టం దాన్ని ఒప్పుకోదు, ఇలాంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. దెబ్బల వల్లే తాగుడు పట్టిన మనిషికి మళ్లీ దెబ్బలు వేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇంట్లో చెప్పడం

"నువ్వు కూడా మీ నాన్నలెక్కనే తయారైతున్నవ్" అన్న మాట ఒకటి పడుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది, వ్యసనపు ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యమని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతాయి. మిగతా సగం మన చేతుల్లో, మన చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఉంది. మీ నాన్నకు ఆ రోజుల్లో 14416 లేదు, ఆయన గాయం ఏమిటని అడిగినవాళ్లూ ఉండి ఉండరు.

అందరికీ చెప్పకండి. ఇంట్లో ఒకరిని ఎంచుకోండి, అక్కో, మేనమామో, పిన్నో, విన్నాక ఊరంతా చెప్పని మనిషి. గొడవ జరిగిన రోజున, తాగి ఉన్నప్పుడు చెప్పకండి. "అక్కా, నాకు ఒక సాయం కావాలె. డాక్టర్ దగ్గరికి పోతున్న. నాతోని రా, బయట కూర్చో" అన్నంత చిన్న పనితో మొదలుపెట్టండి. గాయపరిచిన మనిషే ఇంట్లో ఉంటే, వాళ్లతో ఇప్పుడు తేల్చుకోవాల్సిన అవసరం లేదు. అది కౌన్సెలర్‌తో మాట్లాడి, మీరు నిలదొక్కుకున్నాక, మీకు కావాలంటేనే.

మీరు వినే స్థానంలో ఉన్న అక్కో అన్నో అయితే, "ఎందుకు తాగుతున్నవ్" అని అడగకండి. "తాగాలనిపించే ముందు ఏమైతది నీకు?" అని అడిగి, వినండి.

మళ్లీ తాగేస్తే

నెల రోజులు బాగుండి, ఏదో పండక్కి ఊరెళ్లొచ్చిన రాత్రి హాఫ్ ఖాళీ చేస్తారు. ఇది జరగొచ్చు, ముందే తెలుసుకోండి. అప్పుడు మనసు "అయిపోయింది, ఇంకెందుకు" అంటుంది. ఆ మాటను నమ్మి తాగే రెండో రోజే అసలు నష్టం చేస్తుంది. మర్నాడు నీళ్లు తాగి, తిని, డైరీ తెరిచి ఆ రెండు అంకెలూ రాయండి. ఊళ్లో ఏం జరిగింది, ఎవరు ఎదురుపడ్డారు, ఒంట్లో ఎంత లేచింది. వచ్చే అపాయింట్‌మెంట్ మానేయకండి, సిగ్గుతో మానేయాలనిపిస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ రాత్రి ఏమైందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెబితే మందో, పద్ధతో మార్చడానికి వాళ్లకు దారి దొరుకుతుంది. తాగిన రోజుల సంఖ్య ఒక్కటే చూడకండి, ఆ రెండు అంకెల మధ్య తేడా నెలనెలా తగ్గుతోందా అన్నది కూడా చూడండి. గొంతు పెంచితే 9 ఉన్నది 6కి వచ్చిందంటే చికిత్స పనిచేస్తోంది.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం డైరీ, పద్ధతులు అన్నీ పక్కన పెట్టండి. తాగి ఉన్నప్పుడు ఆ ఆలోచన పని దాకా వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. ఒంటరిగా ఉండకండి, పక్క రూమ్ తలుపు కొట్టండి, 14416కి చేయండి, ప్రమాదం దగ్గరగా ఉంటే 112 లేదా 108. మాట్లాడటానికి మాటలు దొరక్కపోతే "నాకు భయంగా ఉంది, లైన్‌లో ఉండండి" అని మాత్రం చెప్పండి.